డిక్కీ తెరవని కారు

కారు ముసలిదైందని ఇంజనుకంటే ముందు చెప్పేది దాని నల్ల ప్లాస్టిక్కు. ఇంజనుకి కాస్త మొహమాటం ఉంటుంది, ఇంకో ఏడాది నెట్టుకొస్తుంది. బంపరుకీ, తలుపుల మీది పట్టీలకీ, పక్క అద్దాల డొప్పలకీ ఆ మొహమాటం లేదు. మా వైపు ఎండలో నాలుగైదు వేసవులు నిలబడితే చాలు, నలుపు పోయి బూడిద రంగు వస్తుంది. ఆ మీద తెల్లటి పొడి లేస్తుంది. వేలితో రాస్తే వేలికి అంటుకుంటుంది. రేకు మీద రంగు ఎంత మెరుస్తున్నా, ఆ తెల్లబారిన అంచులు కనపడగానే చూసేవాడి ముఖంలో ఉత్సాహం తగ్గిపోతుంది.

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు పక్కన ఒక కార్ల షెడ్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి పాత పద్ధతులు అడుగుతుంటారు. మంటతో నలుపు తెప్పించేవారట కదండీ, ఎట్టా చేసేవారు అని. చెబుతాను. కాని ఎలా చేసేవాళ్ళమో చెప్పి, ఎందుకు మానేశామో చెప్పకపోతే అది సగం మాటే అవుతుంది. ఆ రెండో సగం కోసమే ఇది రాస్తున్నాను.

నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. పొద్దున షెడ్డుకి వెళ్ళగానే ఆ రోజు పనులు, సాయంత్రం ఇంటికి రాగానే జరిగినవి. ఇది రాయడానికి కూర్చునే ముందు, మేం మంట మానేసిన రోజు పేజీ తీసి చూశాను. ‘ఎండ ఎక్కువ. తెల్ల కారు. బంపర్లు, పట్టీలు.’ అంతే ఉంది. అవి పొద్దున రాసుకున్న మాటలు. సాయంత్రం ఏమీ రాయలేదు. వాసన గురించి ఒక్క ముక్క లేదు. మామిడి సీజనులో మా ఊళ్ళో ఆ వాసన గురించి ఎవరూ రాసుకోరు. కాకి నల్లగా ఉందని ఎవరు రాసుకుంటారు?

ముందు పద్ధతి చెబుతాను. చౌక షెడ్లలో డీజిలు గుడ్డతో తుడిచేసేవారు. కొందరు వాడేసిన ఇంజనాయిలు పూసేవారు, కొందరు కొబ్బరినూనె. అన్నీ మూణ్ణాళ్ళ ముచ్చటే. కారు గేటు దాటేటప్పుడు తుమ్మెద రెక్కలా మెరుస్తుంది. మర్నాటికి రోడ్డు మీది దుమ్మంతా దానికే పడుతుంది. మొదటి వానకి చారికలు దిగి, ఏడ్చిన కాటుకలా ఉంటుంది. మా షెడ్డుకి పేరు తెచ్చింది మంట. ప్లాస్టిక్కుని బాగా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, చిన్న గ్యాసు బర్నరుతో సన్నటి మంటని దాని మీదుగా నడిపించాలి. ఎండకి చచ్చిన పై పొర కరిగి, అడుగున దాక్కున్న నలుపు పైకి తేలుతుంది. బూడిద రంగు మధ్య నల్లటి దారి పరుచుకుంటూ పోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, ప్లాస్టిక్కు కాల్చిన అప్పడంలా ముడుచుకుంటుంది. పోనీ ఎన్నిసార్లైనా చేద్దామా అంటే అదీ కుదరదు. రెండు మూడుసార్లు కాల్చాక పెళుసెక్కి, చిన్న దెబ్బకే విరుగుతుంది.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు మంట పట్టాలి. రెండో మనిషి, పక్కనున్న రంగు వేడికి పొంగకుండా, రేకు మీద తడిగుడ్డ పరిచి పట్టుకోవాలి. మంట జరిగినకొద్దీ గుడ్డ జరగాలి. ఒకరి చేతులు ఇంకొకరికి అలవాటు కావాలి.

మా షెడ్డులో మంట పట్టేవాడు బాపులపాడు దగ్గర పల్లెటూరివాడు. అప్పటికి నలభై దాటాయి. చర్చిలో పాటలకి డోలు వాయించేవాడు. చేతులకి ఎంత నేర్పో, నోటికి అంత భయం. కారు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు పని బాగుందని మెచ్చుకుంటే, తప్పు చేసినవాడిలా తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు.

తడిగుడ్డ పట్టేది, కార్లు కడిగేది ఒక యాభై ఏళ్ళ మనిషి. చాట్రాయి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ భర్త తోటల్లో కాయ కోసే మనిషి. వల సంచిలాంటి చిక్కం కట్టిన గెడతో కాయ కింద పడకుండా, సొన కారకుండా దించుతాడు. ఆవిడ కూడా ఏళ్ళ తరబడి తోటల్లో కాయ ఏరి, తట్టలు మోసి, నడుము పట్టేశాక మా షెడ్డుకి వచ్చింది. వాళ్ళు హిందువులు. మా మంట పట్టేవాణ్ణి ‘తమ్ముడూ’ అనేది. ఆటపట్టించాలనుకున్నప్పుడు ‘అయ్యగారూ’ అనేది. మా వైపు అయ్యగారంటే చర్చి పాస్టరు.

అలా పిలవడానికి ఆ ఏడు ఒక కారణం దొరికింది. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మామూలుగా పెద్దలు, టీచర్లు, బాగా చదువుకున్నవాళ్ళు మాట్లాడతారు. ఆ ఏడాది ఐదో మాట చెప్పాల్సిన రిటైర్డ్ టీచరు గారికి ఒంట్లో బాగోలేదు. పాస్టరు గారు మావాణ్ణి పిలిచి, నువ్వు చెప్పు అన్నారు. ఐదో మాట దాహం గురించింది, ‘నేను దప్పిగొనుచున్నాను’ అన్న మాట. మావాడికి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

కాగితం మీద రాసుకొచ్చి పనిలో గొణుక్కుంటూ ఉండేవాడు. ఆ గొణుగుడు ఆవిడకి కాలక్షేపం.

“ఏంటి అయ్యగారూ, ఇయ్యాలన్నా నోరు పెగిలిందా?”

“ఆపక్కా. ఎండిన నేల, ఏరు, వాన అన్నీ రాశాను. చదువుతుంటే నాకే నిద్రొస్తంది.”

“దాహం గురించి చెప్పడానికి కాయితం ఎందుకయ్యా? ఎప్పుడన్నా పట్టపగలు తోటలో పన్జేశావా?”

“లేదు. నువ్వు చేశావుగా, చెప్పు మరి.”

ఆవిడ తడిగుడ్డ జరుపుతూనే చెప్పింది. నేను పక్క కారు దగ్గర ఉన్నాను కాబట్టి విన్నాను.

“నీళ్ళు లేకపోతే అది దాహం కాదు తమ్ముడూ. లేవని తెలిస్తే మనిషి సర్దుకుంటాడు. బిందె అక్కడే చెట్టు నీడన కనపడతా ఉంటది. మూత మీద గ్లాసు బోర్లించి ఉంటది. గుమాస్తా కుర్చీ ఏసుకుని చూస్తా ఉంటాడు. లేచి ఎళ్తే పని దొంగంటాడు. అడుగుదామంటే నోరు రాదు. అదీ దాహమంటే. మీ దేవుడు నయం, అడిగాడు. మేం అడగం.”

మావాడు మంట ఆర్పేశాడు. “ఇంకోసారి చెప్పక్కా. రాసుకుంటాను.”

“ఏం జెప్పానని? గుడ్డ ఆరిపోతంది. ముందు పన్జూడు.”

ఇది గుడ్ ఫ్రైడేకి ముందు ఆదివారం మా చర్చివాళ్ళం మట్టలు పట్టుకుని ఊరేగింపు చేసుకున్న మర్నాడు జరిగింది. తెల్ల కారు ఆ తర్వాతి రోజు వచ్చింది.

ఆ కారు ఒక మామిడి వ్యాపారిది. పూత మీదే తోటలు వేలంలో పాడుకుని, కాయ ఢిల్లీ దాకా పంపేవాడు. పెద్దమనిషి. షెడ్డు ఓనరుకి బాగా కావలసినవాడు. ఆయన బండ్లూ, ఆయన బంధువుల బండ్లూ, ఆయన గుమాస్తాల బండ్లూ అన్నీ మా దగ్గరికే వచ్చేవి. కొత్త కారు రిపేరులో ఉందట. ఉత్తరాది నుంచి కొనుగోలుదార్లు వస్తున్నారు, వాళ్ళని తోటలకి తిప్పడానికి పాత కారు బయటికి తీశాడు. రంగు బాగానే ఉంది. ముందు బంపరు, వెనక బంపరు, పక్క పట్టీలు మటుకు పొయ్యిలో బూడిదలా ఉన్నాయి.

“సాయంత్రానికి నల్లగా నిగనిగలాడాలండీ,” అన్నాడు తాళం చేతికిస్తూ. “రేపు పొద్దున్నే స్టేషన్‌కెళ్ళాలి. ఇట్టాంటి కారులో ఎక్కిస్తే నా కాయ కూడా పాతదనుకుంటారు.”

అందరం నవ్వాం.

మా షెడ్డులో నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ కారైనా కడిగే ముందు డిక్కీ తెరవాలి. లోపలి సామాను తీసి పక్కన పెట్టాలి. డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బాగుందో లేదో చూడాలి. పాత కార్లలో ఆ రబ్బరు ఎండిపోయి ఉంటుంది. పైపుతో నీళ్ళు కొడితే నేరుగా డిక్కీ అడుగున స్టెప్నీ టైరు ఉండే గుంటలోకి దిగుతాయి. తర్వాత తుప్పు పట్టిందని మన మీదికి వస్తారు. అందుకని ఆ పద్ధతి.

డిక్కీ తెరవబోతే తాళం పట్టలేదు. దానికి వేరే తాళమట.

“డిక్కీ జోలికెళ్ళొద్దండి. కాయితాలున్నాయి,” అన్నాడు వ్యాపారి.

“రబ్బరు పోయినట్టుందండి. నీళ్ళు దిగుతాయి. కాయితాలు తడుస్తాయి,” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఓనరు వైపు చూశాడు. ఓనరు నా భుజం మీద చెయ్యేసి, “ఆయన వద్దంటున్నారుగా, వదిలెయ్యండి,” అన్నాడు. నియమాలు మామూలు మనుషుల కార్లకే ఉంటాయని నాకు అప్పటికే తెలుసు. తలూపాను.

ఆవిడ కారు కడిగింది. సబ్బు నురగ పెట్టి, బ్రష్షుతో బంపర్లు తోమి, పైపుతో నీళ్ళు కొట్టి, ఎండలో పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక్కి తోసుకుని రేకుల కింద నీడలోకి తెచ్చారు. ముందు బంపరు, పక్క పట్టీలు అయ్యాయి. బాగా వచ్చాయి. వెనక బంపరు మిగిలింది.

ఇక్కడ వాసన గురించి చెప్పాలి. సీజను మొదట్లో కాయ తొందరగా పండించడానికి కార్బైడు పెట్టేవారు. చేయకూడదని అందరికీ తెలుసు. చేస్తారనీ అందరికీ తెలుసు. కాగితం పొట్లాలు కట్టి కాయల గంపల్లో పెడితే, కాయల చెమ్మకి అందులోంచి గ్యాసు పుట్టి కాయకి రంగు వస్తుంది. దానికొక వాసన ఉంటుంది. కుళ్ళిన వెల్లుల్లి వాసన లాంటిది. ఏప్రిల్ వచ్చిందంటే ఆ వాసన లారీల్లో ఉంటుంది, గోడౌన్ల ముందు ఉంటుంది, కొందరి చొక్కాల్లో ఉంటుంది. బయటివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మనకి అది సీజను వాసన. వ్యాపారం సాగుతోందని చెప్పే వాసన. అది ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగరు. అడిగితే అవతలి మనిషిని దొంగ అన్నట్టు ఉంటుంది. పైగా అతనే మనకి పనిచ్చేవాడై ఉంటాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ఆ వాసన వచ్చింది. నాకూ వచ్చింది. రోడ్డు మీద కాయ లారీ వెళ్ళిందనుకున్నాను.

నేను షెడ్డు ముందు భాగంలో ఇంకొకరితో మాట్లాడుతున్నాను. వెనక వైపు నుంచి వాళ్ళిద్దరి నవ్వులు వినపడ్డాయి. ఆ తర్వాత ‘జరుపక్కా’ అన్నాడు మావాడు. గుడ్డ జరపమని అతను ఎప్పుడూ అనే మాట. అదే చివర విన్నది.

చప్పుడు టైరు పగిలినట్టు వచ్చింది. టైరే అనుకున్నాను. రేకుల కప్పు మీది దుమ్మంతా ఒక్కసారి మా తలల మీద రాలింది. వెనక్కి పరిగెత్తాను. డిక్కీ మూత ఊడి, పక్క గోడ దగ్గర పడి ఉంది. డిక్కీలోంచి మంట లేస్తోంది. మావాడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపి వాటినే చూసుకుంటున్నాడు. ఆవిడ డిక్కీ మీదికి వంగి తడిగుడ్డ పట్టుకుని ఉండింది. మూత ముందు ఆవిడకే తగిలింది. ఇంతకన్నా రాయను. ఇసుక బకెట్లతో మంట ఆర్పాం. ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఉంది. ఇంకా తడిగానే ఉంది.

ఇద్దర్నీ ఒకే వ్యానులో తీసుకెళ్ళారు. ఆవిడ నూజివీడు ఆసుపత్రి గేటు దాటకముందే పోయింది. అతణ్ణి అక్కణ్ణుంచి బెజవాడ పంపారు.

వ్యాను వెళ్ళిపోయింది. నాకు చేతులూరుకోవు. కాలిన కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీలో ఇసుక పక్కకి జరిపి చూశాను. స్టెప్నీ గుంటలో తెల్లటి ముద్ద ఉంది. సున్నం. పొట్లాల కాగితాలు సగం కాలి దానికి అంటుకుని ఉన్నాయి. రాళ్ళ లాంటి ముక్కలు కొన్ని ఇంకా కరగలేదు. వాటి చుట్టూ నీళ్ళలో బుడగలు లేస్తున్నాయి. కార్బైడుకి నీళ్ళు తగిలితే గ్యాసవుతుంది, మిగిలేది సున్నం. మా ప్రాంతంలో పదేళ్ళ పిల్లకాయకి కూడా తెలుసు. పొద్దున మేం కొట్టిన నీళ్ళు గుంటలో దిగాయి. మూసిన డిక్కీలో, ఎండలో, మధ్యాహ్నం దాకా ఆ గ్యాసు పోగైంది. దాని అంచు మీద మావాడు మంట నడిపించాడు.

మర్నాడు పొద్దున్నే ఓనరు గదిలోకి పిలిచాడు. వ్యాపారి అక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్ళెర్రగా ఉన్నాయి. నిజంగానే ఏడ్చాడేమో నాకు తెలియదు.

“జరక్కూడనిది జరిగిందండీ,” అన్నాడు. “ఆ కుటుంబానికి నేనున్నాను. కాని డిక్కీ సంగతి బయటికెళ్తే నా ఒక్కడితో పోదు. ఈ సీజను కాయ మొత్తం అనుమానం పడతారు. ఎంతమంది కూలీల నోటి కూడో ఆలోచించండి.”

ఓనరు అందుకున్నాడు. “ఎస్సై గారు వస్తారు. బర్నరు ట్యూబు లీకైందని చెప్పండి. ట్యూబు పాతదే కదా. అబద్ధం కూడా కాదు.”

“ట్యూబు చూసుకోవాల్సింది మంట పట్టేవాడండి,” అన్నాను.

“అతన్నేం చేస్తారు? కాలిపోయిన మనిషిని.”

“ఆవిణ్ణి అతనే చంపాడని రాస్తారు.”

బయట కారుని లాక్కెళ్ళడానికి బండి వచ్చిన చప్పుడైంది. ఎస్సై రాకముందే కారు వెళ్ళిపోవాలని వాళ్ళ ఆలోచన. నేను గదిలోంచి బయటికొచ్చి, గేటు వేసి, దాని ముందు స్టూలేసుకుని కూర్చున్నాను. ఇందులో ధైర్యం ఏమీ లేదు. ఇంకేం చెయ్యాలో తోచక కూర్చున్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఓనరు దూరం నుంచి చూశాడు గాని దగ్గరికి రాలేదు. నలుగురు పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా వెనక నిలబడ్డారు.

ఎస్సై చింతలపూడి వైపు మనిషి. డిక్కీలోకి వంగి, సున్నం వేలితో తీసి వాసన చూశాడు. నేను ఏమీ చెప్పకముందే, “ఎన్ని పొట్లాలు?” అన్నాడు. నాకు తెలియదన్నాను. కడిగినప్పటి నుంచీ జరిగిందంతా చెప్పాను. డిక్కీ తెరవనివ్వలేదని చెప్పాను. ఎవరు వద్దన్నారో చెప్పాను. అంతా రాయించుకుని, పెన్ను మూత పెడుతూ అడిగాడు.

“మా నాన్న కూడా తోటలు చేశాడండి. ఈ వాసన నాకు తెలుసు. ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ వాసన రాలేదా?”

అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు.

కేసు వ్యాపారి మీద పెట్టారు. అది ఏళ్ళ తరబడి నడిచి, ఎండాకాలం కాలవలా ఎక్కడో ఇంకిపోయింది. ఆయన ఇప్పుడూ వ్యాపారం చేస్తున్నాడు. కార్బైడు వాడబడదు అని పెద్ద బోర్డు కూడా పెట్టాడు. ఓనరు నన్ను తీసెయ్యలేదు. నేను రిటైరయ్యే దాకా నాతో నేరుగా మాట్లాడనూ లేదు. ‘ఫోర్‌మన్ గారికి చెప్పు’ అని నా ఎదుటే ఇంకొకరితో చెప్పించేవాడు. కొన్నాళ్ళకి అదీ అలవాటైపోయింది.

ఆవిడ భర్తని నేను కలిసింది దహనం రోజున. ఎండకి నల్లబడ్డ బక్క మనిషి. అందరూ ఆయనకి ఏదో ఒకటి చెబుతున్నారు. ఆయన నన్ను పక్కకి పిలిచి ఒకటే అడిగాడు.

“అన్నం తిన్నదా అండీ?”

“తిన్నది. మధ్యాహ్నం అందరం కలిసే తిన్నాం.”

“మావిడికాయ పప్పు ఏసిచ్చాను. బాక్సు ఖాళీగా ఉంది. పారబోసిందేమో అనుకున్నా.”

“లేదు. మాక్కూడా పెట్టింది.”

“సరేనండి,” అన్నాడు.

ఆ వారమంతా నా మనసులో ఉన్నది బెజవాడలో ఉన్న మనిషి గురించే. ఆవిడ పోయిందని అతనికి చెప్పారట. ట్యూబు లీకని ఎవరో ముందే చెవినేశారట. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడని భార్య ఫోనులో ఏడ్చింది. నా దగ్గర అతనికి చెప్పాల్సిన మాట ఉంది. ఎస్సై రాసుకున్న మాట. గుడ్ ఫ్రైడే నాడు, అతను చర్చిలో నిలబడాల్సిన వేళకి, నేను ఆసుపత్రి వార్డులో అతని మంచం పక్కన కూర్చున్నాను. చేతులు రెండూ మోచేతుల దాకా కట్లు. కనుబొమలు లేవు. ముఖం ఎవరిదో అన్నట్టుంది.

“ట్యూబు కాదయ్యా,” అన్నాను. “డిక్కీలో కార్బైడు ఉంది. నీళ్ళు దిగాయి. ఎస్సై చూశాడు, రాసుకున్నాడు. నీ చేతి తప్పు ఏమీ లేదు. ఎవరు అడిగినా లేదు.”

ఈ మాటతో అతని గుండె మీది రాయి దిగుతుందనుకుని దారంతా ఆశగా వచ్చాను. అతను పైకప్పు వైపే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి.

“తెలుసండి.”

“ఏం తెలుసు?”

“వాసనొచ్చిందండి. గుప్పున వచ్చింది. అక్క కూడా అంది. ‘ఏంటి తమ్ముడూ, బాబుగారు కారుని కూడా మగ్గేస్తన్నారా’ అంది. నవ్వుకున్నాం. మీక్కూడా మా నవ్వు వినపడి ఉంటది.”

వినపడిందని తలూపాను.

“మంట పక్కన బెట్టి, డిక్కీలో ఏముందండీ అని ఒక్కసారి మిమ్మల్ని అడిగితే పోయేది. మీరెళ్ళి ఆయన్ని అడిగేవారు.” నా వైపు చూసి, “అడిగేవారాండీ?” అన్నాడు.

మంచం మీది దుప్పటి సర్దాను. నేను పొద్దున ఒకసారి అడిగాను. ఓనరు చెయ్యి భుజం మీద పడ్డాక రెండోసారి అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఎస్సై రాసిన కాగితం అతణ్ణి కోర్టు నుంచి తప్పించింది. నేను తప్పించగలిగింది అంతవరకే.

అతను కొన్ని నెలలకి షెడ్డుకి వచ్చాడు. ఎడమ చేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. మంట మళ్ళీ ముట్టుకోలేదు. షెడ్డులో ఇంకెవరూ ముట్టుకోలేదు. బర్నరు చాలాకాలం మేకుకి వేలాడి, ఒకరోజు కనపడకుండా పోయింది. ఆ తర్వాత ప్లాస్టిక్కుకి పూసే మంచి ద్రావకాలు వచ్చాయి. గుడ్డతో పూసి ఆరబెడితే ఏడాదికి పైగా నలుపు నిలుస్తుంది. మీరంతా ఇప్పుడు వాడేది అదే. అతనూ అదే వాడతాడు. కాని ఏ కారొచ్చినా ముందు డిక్కీ బార్లా తెరిచి, తల లోపల పెట్టి కాసేపు నిలబడతాడు. డిక్కీ తెరవనివ్వకపోతే కారు తిప్పి పంపేస్తాడు. “ఏం ఎతుకుతున్నావయ్యా, మావిడికాయలా?” అని నవ్వేవాళ్ళున్నారు. మీరు ఆ షెడ్డుకి వెళ్తే నవ్వకండి.

మరుసటి ఏడు గుడ్ ఫ్రైడేకి పాస్టరు గారు ఐదో మాట మళ్ళీ అతనికే ఇచ్చారు. వద్దంటాడనుకున్నాను. సరేనన్నాడట. అంతేకాదు, చాట్రాయి దాకా వెళ్ళి ఆవిడ భర్తని రమ్మని పిలిచాడు. ఆయన వచ్చాడు. చర్చి లోపలికి రమ్మంటే రాలేదు. బయట షామియానా కింద, మైకు వినపడే చోట నిలబడ్డాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. ఆరాధన అయ్యాక పంచడానికి మజ్జిగ బిందెలు తడిగుడ్డలు చుట్టి షామియానా చివర పెట్టారు.

నాలుగో మాట అయింది. పాట అయింది. మైకులో అతని గొంతు వచ్చింది. కాగితం తెచ్చుకోలేదని ఆ గొంతు విన్నప్పుడే నాకు తెలిసింది.

“నాకు దాహం గురించి ఒక అక్క చెప్పింది,” అన్నాడు. “నీళ్ళు లేకపోతే అది దాహం కాదంట. బిందె కనపడతా ఉంటదంట. అడగడానికి నోరు రాకపోతే, అది దాహమంట. మీ దేవుడు అడిగాడు, మేం అడగం అంది.”

లోపల ఎవరో దగ్గారు. పసిపిల్ల ఏడ్చింది. అయిపోయిందేమో అనుకున్నాను.

“పోయినేడు నాకు ఒకటి అడగాల్సొచ్చింది,” అన్నాడు. “నోరు రాలేదు. ఆ అక్క ఇయ్యాల లేదు.”

అంతే. ఆమెన్ కూడా అనలేదు. దిగిపోతున్న అడుగుల చప్పుడు మైకులో వినపడింది.

నేను పక్కకి చూశాను. ఆవిడ భర్త కళ్ళలో నీళ్ళు లేవు. పెదాలు ఎండి, పొక్కు కట్టి ఉన్నాయి. పొద్దున బయల్దేరి, బస్సు మారి, జంక్షన్ నుంచి నడిచి వచ్చిన మనిషి. “ఇంట్లో కూడా అట్టానే అనేదండీ,” అన్నాడు మెల్లగా. ఆయన చూపు షామియానా చివర ఉన్న బిందెల మీద ఉంది. ఒక బిందె మూత మీద గ్లాసు బోర్లించి ఉంది.

“దాహంగా ఉందా?” అని అడిగాను.

“అబ్బే, ఏం లేదండీ,” అన్నాడు.

నేను బిందెల దగ్గరికి వెళ్ళాను. ఆరాధన అవకుండా మజ్జిగ ముట్టుకోకూడదని అక్కడ కూర్చున్న పెద్దాయన నా వైపు కళ్ళెర్రజేశాడు. ఆయన్ని అడిగే గ్లాసు ముంచాను. తెచ్చి ఆవిడ భర్త చేతిలో పెట్టాను. ఆయన తల పైకెత్తి, గ్లాసు దించకుండా తాగాడు.

ఇంకో గ్లాసు తేనా అని అడిగాను.